త్రిపిటకాలు ఎవరు రాశారు? ఎర్రగుడి చూసొచ్చిన విద్యార్థికి జవాబు

పత్తికొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "మొన్న ఎర్రగుడి అశోకుని శాసనం చూసొచ్చాను. అక్కడ చెక్కింది త్రిపిటకాల్లోదేనా? మా గైడులో త్రిపిటకాలు బుద్ధుడు పాళీలో రాశాడని ఉంది. ఇంకో పుస్తకంలో బుద్ధుడు పోయిన నాలుగు వందల ఏళ్లకు శ్రీలంకలో రాశారని ఉంది. ఏది నిజం? అన్నేళ్ల తర్వాత రాసినవాటిని ఎలా నమ్మాలి? తెలుగులో చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

నాయనా, నేను కర్నూలులో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఏటా పిల్లల్ని బస్సెక్కించుకుని గుత్తి మీదుగా ఎర్రగుడికి తీసుకెళ్లేవాణ్ణి. నువ్వు అడిగినవన్నీ వాళ్లూ అడిగేవాళ్లు. కాబట్టి ఆ బండ దగ్గరే మొదలుపెడతాను.

ముందు సూటిగా జవాబు. త్రిపిటకాలంటే బౌద్ధుల మూల గ్రంథాల మూడు సంపుటాలు: భిక్షువుల నియమాలది వినయం, బుద్ధుడి ఉపదేశాలది సుత్తం, తాత్విక విశ్లేషణది అభిధమ్మ. బుద్ధుడు ఒక్క అక్షరం కూడా రాయలేదు. మీ గైడులో ఉన్నది తప్పు. రెండో పుస్తకంలో ఉన్నది చాలావరకు నిజం. ఎర్రగుడిలో ఉన్నది త్రిపిటకాల్లోది కాదు, అది రాజాజ్ఞ. కానీ బౌద్ధ గ్రంథాలు ఎలా బతికాయో అర్థం కావాలంటే ఆ బండను మించిన పాఠం మన జిల్లాలో ఇంకోటి లేదు.

ఎర్రగుడి శాసనాలు 1928-29 ప్రాంతంలో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. అశోకుని 14 పెద్ద శిలాశాసనాలూ, రెండు చిన్న శిలాశాసనాలూ ఒకేచోట దొరకడం అరుదు. అవి అక్కడ ఉన్నాయి. పత్తికొండ పక్కనే రాజుల మందగిరిలో ఉన్న చిన్న శాసనం బాగా అరిగిపోయింది, ఎర్రగుడి దాన్ని పక్కన పెట్టుకుంటే గానీ చదవలేం.

ఎర్రగుడి చిన్న శాసనంలో ఒక వింత ఉంది, నువ్వు గమనించావో లేదో. బ్రాహ్మీ లిపి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఇక్కడ మాత్రం కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు తిరిగి వస్తాయి. గెనెం దగ్గర ఎద్దుల్ని తిప్పి మళ్లీ సాలు పట్టినట్టుంటుంది. చెక్కినవాడికి రాత చేతిలో పూర్తిగా కుదరలేదని కొందరు, కావాలనే అలా చేశాడని కొందరు అంటారు. నాకు మాత్రం ఆ వరుసలు చూసినప్పుడల్లా, రాయడమనేది ఆ రోజుల్లో ఎంత కొత్త పనో తెలిసొస్తుంది.

ఇప్పుడు అందులో ఏముందో చూడు. "నేను ఉపాసకుణ్ణి (ఇంట్లో ఉంటూనే బుద్ధుణ్ణి అనుసరించేవాణ్ణి) అయి రెండున్నర ఏళ్లు దాటింది. మొదటి ఏడాది అంత పట్టుదల చూపలేదు. సంఘం దగ్గరికి వెళ్లి ఏడాది దాటింది, అప్పటి నుంచి గట్టిగా ప్రయత్నిస్తున్నాను" అని రాజు తన గురించి తానే చెప్పుకుంటాడు. ఈ ప్రకటనను శాసనం ఏమని పిలుచుకుంటుందో తెలుసా? "సావనే" అంటుంది. శ్రావణం, అంటే వినిపించినది. రెండో శాసనంలో ఇంకా స్పష్టంగా ఉంది. రజ్జుకుడు అనే అధికారి భేరి మోగించి జనపదంలో చెప్పాలి: తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దల్ని గౌరవించాలి, ప్రాణుల మీద దయ చూపాలి, నిజం చెప్పాలి. మన ఊళ్లలో తప్పెట కొట్టి దండోరా వేసినట్టన్నమాట. అంత పెద్ద చక్రవర్తి బండ మీద చెక్కించి కూడా, అది చెవిన పడితేనే చేరినట్టని లెక్కేశాడు. చదువు వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఈ "విన్నది" అన్న మాటను పట్టుకో. బౌద్ధ సూత్రాల్లో చాలావరకు "ఏవం మే సుతం" అని మొదలవుతాయి. "నేను ఇలా విన్నాను" అని అర్థం. బుద్ధుడు పోయిన కొద్ది నెలలకు రాజగృహంలో 500 మంది భిక్షువులు కూడారు, మహాకాశ్యపుడు అధ్యక్షుడు. ఉపాలి వినయ నియమాలు చెప్పాడు, ఆనందుడు ఉపదేశాలు చెప్పాడు. ఆ "నేను" ఆనందుడే అంటుంది సంప్రదాయం. ఆ సభ పేరు సంగీతి. కలిసి పాడటం అని ఆ మాటలోనే ఉంది, అందరూ ఒక్క గొంతుతో వల్లించారు. (పరీక్షలో ఉపాలి వినయం, ఆనందుడు సుత్తం అనే బిట్టు తప్పకుండా వస్తుంది, టెన్షన్ పడకుండా గుర్తుపెట్టుకో.)

ఆ సంగీతి కథలోనే నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. సభ అయిపోయాక పురాణుడనే భిక్షువు తన బృందంతో రాజగృహానికి వచ్చాడు. "పెద్దలు ధర్మాన్ని వినయాన్ని వల్లించారు, మీరూ దాన్ని ఒప్పుకోండి" అని అక్కడివాళ్లు అడిగారు. ఆయన, "పెద్దలు చక్కగా వల్లించారు. అయినా నేను భగవానుడి ఎదుట కూర్చుని స్వయంగా ఎలా విన్నానో అలాగే నిలుపుకుంటాను" అన్నాడు. ఈ మాటను వినయపిటకమే దాచుకోకుండా చెబుతోంది. అంటే మొదటి రోజు నుంచే ఒకటి కంటే ఎక్కువ జ్ఞాపకాలు ఉన్నాయని ఆ సంఘానికి తెలుసు. అందుకే నేను ఆ గ్రంథాలను నమ్ముతాను. అబద్ధం అల్లేవాడు తనకు అడ్డం వచ్చే మాటను అందులో పెట్టుకోడు కదా.

మరి నోటితో అన్ని వందల ఏళ్లు ఎలా మోశారు? దానికి ఏర్పాటు ఉండేది. భాణకులని, వల్లించేవాళ్లు ఉండేవాళ్లు. దీఘ భాణకులు పొడుగు సూత్రాలు, మజ్ఝిమ భాణకులు మధ్యరకం సూత్రాలు మోసేవాళ్లు. ఒక్కో గుంపు ఒక్కో నికాయాన్ని, అంటే సుత్తపిటకంలోని ఒక్కో సంపుటాన్ని, వంతులేసుకుని పట్టుకునేది. ఇది పురాణ కథ కాదు, రాళ్ల మీద సాక్ష్యం ఉంది. మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ స్తూపం దగ్గర దానమిచ్చినవాళ్లలో ఒకాయన "పచనేకాయిక", అంటే అయిదు నికాయాలు వచ్చినవాడు. మన అమరావతి శాసనాల్లో "సంయుతకభాణక" అన్న బిరుదు కనిపిస్తుంది. నాగార్జునకొండ శాసనంలో దీఘ, మఝిమ నికాయాలు చెప్పే ఆచార్యుల ప్రస్తావన ఉంది. తెలుగు నేల మీద ఈ గ్రంథాలు కంఠస్థం చేసినవాళ్లు ఉన్నారనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆంధ్ర ప్రాంతపు భిక్షువులు రాసుకున్న వ్యాఖ్య ఒకటి "అంధకట్ఠకథ" పేరుతో ఉండేది. అయిదో శతాబ్దంలో పాళీ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు తన వినయ వ్యాఖ్యలో దాన్ని పదేపదే పేర్కొన్నాడు, చాలాచోట్ల ఖండించడానికే అయినా. ఆ వ్యాఖ్య ఇప్పుడు లేదు. అది పోవడం నాకు సొంతవాళ్లు పోయినంత బాధ.

వర్షాకాలం మూడు నెలలు భిక్షువు ఒకేచోట ఉండాలన్నది నియమం. దానికి ఇచ్చిన సడలింపుల్లో ఒకటి విను. ఒక ఊళ్లో ఎవరైనా ఉపాసకుడికో, ఉపాసికకో ఒక సూత్రం వచ్చు అనుకో. "అయ్యలారా, ఇది నాతో పోకముందే వచ్చి నేర్చుకోండి" అని కబురు పెడితే భిక్షువు ఏడు రోజుల లోపు తిరిగొచ్చేలా బయల్దేరి వెళ్లవచ్చు. ఇంట్లో వంట చేసుకునే ఆడమనిషి దగ్గర ఒక సూత్రం మిగిలి ఉంటే సంఘం వానలో నడిచి వెళ్లి నేర్చుకునేదన్నమాట.

సూత్రాలు చదువుతుంటే చెప్పిందే చెబుతారేమని చాలామంది విసుక్కుంటారు. ఒకే వాక్యం నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు, అయిదు ఇంద్రియాలకూ అయిదుసార్లు వస్తుంది. అది కంటికి విసుగే. నోటికి మాత్రం ఆసరా. ఒకడు తప్పితే పక్కవాడు అందుకుంటాడు. అంగుత్తర నికాయంలో ఒకటి చొప్పున ఉన్నవి, రెండు చొప్పున ఉన్నవి అని 11 దాకా లెక్కపెట్టి అమర్చారు, అది కూడా జ్ఞాపకం కోసమే. భిక్షువుల 227 నియమాలను పదిహేను రోజులకోసారి అందరూ కూర్చుని వల్లించేవాళ్లు, ఇప్పటికీ శ్రీలంక, బర్మా లాంటి థేరవాద బౌద్ధ దేశాల్లో వల్లిస్తున్నారు. మారుద్దామన్నా మారడం కష్టం.

మనకు తెలిసిన దానితో పోల్చుకో. కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాక వేమన పద్యాల తాటాకు ప్రతులు పోగేయించి, ఒకదానితో ఒకటి సరిచూసి 1829లో అచ్చు వేయించాడు. ప్రతికీ ప్రతికీ పాఠం తేడా. ఏది వేమనది, ఏది తర్వాత ఎవరో చేర్చింది అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. అయినా వేమన గొంతు మనకు తెలియకుండా పోయిందా? తూకం, మకుటం, మాట తీరు పట్టిస్తాయి. బుద్ధుడి మాటల విషయమూ దాదాపు అంతే. ఇది బుద్ధుడన్న వాక్యమే అని ఏ ఒక్క వాక్యానికీ నేను సంతకం పెట్టలేను. గొంతు మాత్రం తెలుస్తుంది.

రాత ఎప్పుడొచ్చిందంటే, క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో, శ్రీలంకలో వట్టగామణి అభయ రాజు కాలంలో. యుద్ధం, కరువు కలిసి వచ్చాయి. భిక్షువులు దుంపలు తింటూ, ఒంట్లో ఓపిక లేకపోయినా కంఠపాఠం మరిచిపోకుండా ఒకరికొకరు అప్పజెప్పుకున్నారని వ్యాఖ్యలు చెబుతాయి. ఆ ఆపద కాలంలో మహానిద్దేసం అనే గ్రంథం ఒకే ఒక్క భిక్షువుకు వచ్చి ఉండేదట, అతనికేమో మంచి పేరు లేదు. అతని దగ్గర కూర్చోవడానికే పెద్దలకు మనసొప్పలేదు. గ్రంథం పోతుందని దిగమింగుకుని నేర్చుకున్నారు. ఇక నోటిని మాత్రమే నమ్ముకుంటే లాభం లేదని తాటాకుల మీదికి ఎక్కించారు. ఆ చోటు మాతలే దగ్గరి అలువిహారం అంటారు.

బుద్ధుడు పోయిన ఏడాది మీద లెక్కలు తేడాగా ఉన్నాయి. శ్రీలంక సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 544, మన పాఠ్యపుస్తకాల్లో 483, ఇప్పటి పరిశోధకుల్లో చాలామంది 400 ప్రాంతం అంటారు. కాబట్టి నోటి మీద నడిచిన కాలం మూడు వందల నుంచి నాలుగున్నర వందల ఏళ్లు.

"అన్నేళ్లకు రాస్తే ఎలా నమ్మాలి" అన్నావు. మంచి ప్రశ్న. శ్రీలంక ప్రతి ఒక్కటే ఉంటే నేనూ తటపటాయించేవాణ్ణి. 1994లో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి అఫ్గానిస్తాన్ వైపు నుంచి మట్టి కుండల్లో పెట్టిన భూర్జపత్రాల చుట్టలు చేరాయి. ఖరోష్ఠీ లిపి, గాంధారీ భాష, క్రీస్తు శకం ఒకటో శతాబ్దం. భారతీయ భాషల్లో మనకు మిగిలిన అతి పాత రాతప్రతుల్లో అవి ముందు వరుసలో ఉంటాయి. అందులో ఖడ్గవిషాణ సూత్రం దొరికింది. "ఖడ్గమృగంలా ఒంటరిగా తిరుగు" అనే పాదం పద్యం పద్యానికీ తిరిగొచ్చే పాట అది. అదే పాట పాళీ సుత్తనిపాతంలో, అంటే సుత్తపిటకంలోని ఒక పద్యాల సంకలనంలో ఉంది. పద్యాల వరుస మారింది, కొన్ని అక్కడ లేవు, కొన్ని ఇక్కడ లేవు, కానీ పాట అదే. అఫ్గానిస్తాన్ ఎక్కడ, సింహళం ఎక్కడ? ఇంకా చూస్తే, చైనా భాషలో నికాయాలకు సాటివచ్చే నాలుగు ఆగమాలున్నాయి. మధ్యమాగమం 398కల్లా, దీర్ఘాగమం 413లో అనువాదమయ్యాయి. వాటినీ పాళీ నికాయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కథనం, ఊళ్ల పేర్లు, వరుస మారతాయి, నాలుగు సత్యాలు, అష్టాంగ మార్గం, కారణం నుంచి కార్యం పుట్టే తీరు మారవు. విడిపోయిన అన్నదమ్ముల ఇళ్లలో ఒకే తాతగారి ఫొటో వేలాడుతున్నట్టుంటుంది.

మూడు పిటకాలకూ ఒకే వయసు మాత్రం కాదు. సుత్త, వినయ పిటకాల్లో పాత పొరలున్నాయి. అభిధమ్మ తర్వాతి పండితుల పని. అందులోని కథావత్థును అశోకుని కాలంలో పాటలీపుత్రంలో మొగ్గలిపుత్త తిస్సుడు చేశాడని సంప్రదాయమే చెబుతుంది. జాతక కథలు 547 ఉన్నాయంటారు కదా, అక్కడ పద్యాలే మూలం, మనం చదివే వచన కథ వ్యాఖ్యలోది.

అశోకుని కాలానికి ఏవి ఉన్నాయో తెలుసుకోవడానికి ఒక రాయి ఉంది, ఎర్రగుడిలో కాదు, రాజస్థాన్‌లోని బైరాట్‌లో దొరికింది. ఇప్పుడు కోల్‌కతా ఏషియాటిక్ సొసైటీలో ఉంది. అశోకుడు సంఘానికి నమస్కారం పెట్టి, బుద్ధుడు చెప్పిందంతా బాగా చెప్పిందే అంటూ, ఏడు ధర్మపాఠాల పేర్లు చెబుతాడు. వాటిని భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు "అభిఖినం సునేయు చా ఉపధాలయేయు చా", మళ్లీ మళ్లీ వినాలి, మనసులో నిలుపుకోవాలి అంటాడు. చదవాలి అనలేదు చూశావా!

ఆ ఏడింటిలో మునిగాథ, మోనేయసూత్రం, ఉపతిష్యుని ప్రశ్న సుత్తనిపాతంలో ఉన్నవేనని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ఏడోది బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చేసిన ఉపదేశం. రాజు అక్కడ "అబద్ధం గురించిన రాహులోపదేశం" అని ప్రత్యేకించి చెప్పాడు. అంటే రాహులుడి పేరుతో ఇంకో సూత్రం కూడా అప్పటికి చెలామణిలో ఉందని, కలగాపులగం కాకుండా గుర్తు చెప్పాడని నా అభిప్రాయం. ఆ సూత్రం మజ్ఝిమ నికాయంలో 61వది. బుద్ధుడు కాళ్లు కడుక్కుని చెంబులో కొంచెం నీళ్లు మిగిల్చి కొడుకుని అడుగుతాడు: "ఈ కాస్త నీళ్లు కనిపిస్తున్నాయా? తెలిసి అబద్ధం చెప్పడానికి సిగ్గుపడనివాడిలో శ్రమణత్వం (సన్యాసితనం) ఇంతే." ఆ నీళ్లు పారబోస్తాడు. చెంబు బోర్లిస్తాడు. మళ్లీ తిప్పి ఖాళీ చెంబు చూపిస్తాడు. నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి చెంబుతో చేసి చూపించు, ఎవరూ మరిచిపోరు. నేను చూపించిన పిల్లలు ఇప్పుడు తాసీల్దార్లయ్యాక కూడా ఆ చెంబు మాటే ఎత్తుతారు.

భాష సంగతి. బ్రాహ్మణ కులంలో పుట్టిన ఇద్దరు భిక్షువులు బుద్ధుడి దగ్గరికి వచ్చి, రకరకాల జనం తమ మాటతీరులో మీ వచనాన్ని పాడు చేస్తున్నారు, ఛందస్సులో పెడతాం అన్నారు. ఆయన గట్టిగా మందలించి, "సకాయ నిరుత్తియా", సొంత మాటలో నేర్చుకోండి అన్నాడు. ఇక్కడ సొంత మాట అంటే బుద్ధుడి మాట అని బుద్ధఘోషుడు, వినేవాళ్ల మాట అని ఇప్పటి పండితుల్లో చాలామంది అంటారు. నేను రెండో పక్షం. పాళీ కూడా బుద్ధుడు ఇంట్లో మాట్లాడిన భాష అని అనుకోకు, ఉత్తరాది ప్రాకృతాలు కలిసి కుదురుకున్న గ్రంథభాష అది. పాళి అంటే మొదట్లో మూలపాఠం అనే అర్థం.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది ధమ్మపదం అంటారు. 423 పద్యాలు, తెలుగులో అనువాదాలు దొరుకుతాయి, మంచిదే. మన రాయలసీమ మనిషికి మాత్రం నేను సుత్తనిపాతంలోని ధనియ సూత్రం ముందు చెబుతాను. ధనియుడు మహీ నది ఒడ్డున పశువులు మేపుకునేవాడు. వాన రాబోతోంది.

"పక్కోదనో దుద్ధఖీరోహమస్మి" అంటాడు. అన్నం వండుకున్నాను, పాలు పిండుకున్నాను, గుడిసె కప్పుకున్నాను, నిప్పు రాజేసుకున్నాను, "అథ చే పత్థయసీ పవస్స దేవ", ఇక నీ ఇష్టం దేవా, కురిస్తే కురువు.

బుద్ధుడు అదే తాళంలో అందుకుంటాడు. "అక్కోధనో విగతఖిలోహమస్మి". కోపం లేనివాణ్ణి, ఖిలం పోయినవాణ్ణి. ఖిలం అంటే బీడు, గట్టిబారిన నేల, మనసుకూ అదే మాట వాడతారు. నా గుడిసెకు కప్పు లేదు, నిప్పు ఆరిపోయింది, ఇక నీ ఇష్టం దేవా, కురిస్తే కురువు.

పక్కోదనో, అక్కోధనో. పైకి చదివితే ప్రాస చెవికి తగులుతుంది. కన్నుతో చదివితే జారిపోతుంది. మొదటి 12 పద్యాలకూ చివరి పాదం ఒకటే, వేమన పద్యానికి మకుటంలాగా. ఆ మకుటంలోనూ "వినుర" అనే కదా ఉంది. అనంతపురం వైపు ఒక ఊళ్లో గొర్రెలు కాసే పెద్దాయనకు నేను ఈ పాట తెలుగులో చెప్పాను. మబ్బు వైపు చూసి, "అంత ధైర్యంగా వానతో మాట్లాడేది ఎవురు సామీ" అన్నాడు. కురిస్తే కురువు అనగలిగినవాడి గొప్పతనం వానకు మొహం వాచినవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

తర్వాత థేరీగాథ చదువు. భిక్షుణుల పాటలు, 73 ఉన్నాయి. ముత్త అనే ఆమె పాట: మూడు వంకర వస్తువుల నుంచి విడిపోయాను, రోలు, రోకలి, నా గూని మొగుడు. పుట్టుక చావుల నుంచి కూడా విడిపోయాను. మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె జన్మంతా జొన్నలు దంచిన మనిషి. ముందు పకాలున నవ్వింది. కాసేపు ఊరుకుని, "మళ్లీ చదువు నాయనా" అంది. మూడుసార్లు చదివించుకుంది.

ఆ రెండూ అయ్యాక మజ్ఝిమ నికాయంలో రాహులోపదేశం, తర్వాత పామును పట్టే ఉపమానమున్న 22వ సూత్రం చదువు. ధర్మాన్ని తప్పుగా పట్టుకుంటే పాము తోకను పట్టుకున్నట్టే అంటాడు అందులో. దీఘ నికాయంలో మహాపరినిబ్బాన సుత్తం చివర్లో పెట్టుకో, అది పొడుగు, పైగా ఏడిపిస్తుంది. అభిధమ్మ జోలికి ఇప్పుడే పోవద్దు.

మళ్లీ ఎర్రగుడి వెళ్లినప్పుడు పొద్దున్నే వెళ్లు. ఏటవాలు ఎండలో అక్షరాలు లేచి కనిపిస్తాయి, మధ్యాహ్నం అయితే బండ అంతా ఒకటే తెలుపు. అక్షరాల మీద సుద్దముక్క రాయనివ్వకు, ఎవరైనా రాస్తుంటే ఆపు. ధనియ సూత్రం మొత్తం 17 పద్యాలు నా నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాసిపెట్టుకున్నాను. కావాలంటే చెప్పు, మూలం కింద అర్థంతో సహా ఇక్కడే టైప్ చేసి పెడతాను.